స్టూడెంట్ అద్దె ఇంట్లో ఓనర్‌తో సమస్యలు: అగ్రిమెంట్ సంతకం నుంచి డిపాజిట్ చేతికొచ్చేదాకా ఏం చేయాలి

చదువుకునే రోజుల్లో నలుగురం కలిసి తీసుకున్న మొదటి ఇంట్లో, నా మంచం పైన సీలింగ్ మీద అరచేతి అంత చెమ్మ మరక ఉండేది. దిగిన రెండో నెలలో చూశాం, ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేస్తే "చూద్దాం బాబూ, మనిషిని పంపిస్తా" అన్నారు, మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట, అలా ఆరుసార్లు చేశాం. ఏడు నెలలు తిరిగేసరికి మరక సగం సీలింగ్ అయింది, పెచ్చులు ఊడి పుస్తకాల మీద పడేవి. ఇల్లు ఖాళీ చేసే రోజు ఆయన పైకి చూసి "గదిలో తడి బట్టలు ఆరేసి ఇల్లు పాడు చేశారు, నాకు ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా" అని డిపాజిట్‌లో సగానికి పైగా పట్టేసుకున్నారు. ఆరుసార్లు చెప్పాం అని చూపించడానికి మా దగ్గర ఒక్క మెసేజ్ కూడా లేదు. నలుగురం బ్యాగులు పట్టుకుని గేటు బయట నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, అంతే.

అందుకే ఈ గైడ్‌లో ఏ స్టెప్ తీసుకున్నా నేను చెప్పేది ముందు ఒకటే ఉంటుంది, ఏం జరిగినా తేదీ వేసి రాతలో పెట్టండి. చట్టాలు దేశాన్ని బట్టి, ఒక్కో చోట రాష్ట్రాన్ని బట్టి కూడా మారతాయి కాబట్టి మధ్యమధ్యలో కొన్ని చోట్ల రూల్స్ ఉదాహరణకి చెప్తాను, మీరున్న చోట ఏముందో అదే పేరుతో వెతుక్కోండి. వెతికేటప్పుడు పేజీ ఎప్పటిదో కూడా చూడండి, ఎందుకంటే ఈ రూల్స్ మారుతూనే ఉంటాయి, ఇంగ్లాండ్‌లో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 పద్ధతిని తీసేస్తూ 2025లో రెంటర్స్ రైట్స్ యాక్ట్ తెచ్చారు, అంటే అంతకుముందు రాసిన సలహాలు చాలావరకు పాతబడిపోయినట్టే.

స్టెప్ 1: అసలు మీ ఓనర్ ఎవరో తేల్చుకోండి

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ స్టూడెంట్స్ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మీతో మాట్లాడేది ఇంటి ఓనరా, ఓనర్ తరఫున ఏజెంటా, మధ్యలో కమీషన్ తీసుకునే బ్రోకరా, లేక తను అద్దెకి తీసుకున్న ఇంట్లో ఒక గది మీకు ఇస్తున్న సీనియరా? చివరిదైతే ఆ సీనియర్‌కి ఇంకొకరికి అద్దెకిచ్చే పర్మిషన్ ఓనర్ రాసిచ్చాడో లేదో అడగండి, లేకపోతే ఓనర్ ఒకరోజు వచ్చి "మీరెవరు" అంటే మీ దగ్గర సమాధానం ఉండదు, మీరు కట్టిన అద్దె ఆయన దాకా వెళ్లిందో లేదో కూడా తెలీదు.

ఓనర్ అని చెప్పే మనిషి పేరు, ఇంటి పన్ను రసీదు మీదో కరెంటు బిల్లు మీదో ఉన్న పేరు, మీరు డబ్బు పంపే అకౌంట్ పేరు, ఈ మూడూ కలవాలి. కలవకపోతే ఎందుకో అడగండి, కొన్నిసార్లు ఇల్లు వాళ్లమ్మగారి పేరు మీద ఉంటుంది, అది మామూలే, అప్పుడు ఆమె తరఫున తీసుకుంటున్నట్టు ఒక లైన్ రాయించుకోండి. ఇల్లు కళ్లతో చూడకుండా, కనీసం మీకు తెలిసినవాళ్లు వెళ్లి వీడియో కాల్‌లో చూపించకుండా డబ్బు పంపకండి. "ఇంకో ఇద్దరు లైన్‌లో ఉన్నారు, గంటలో అడ్వాన్స్ వేస్తేనే" అని తొందరపెడితే ఇంకా అనుమానించండి.

ఇంకోటి, ఓనర్ కూడా అదే ఇంట్లో ఉంటూ మీకొక గది ఇస్తే, లేదా అది యూనివర్సిటీ హాస్టల్ అయితే, చాలా దేశాల్లో మామూలు అద్దెదారుకి ఉన్న హక్కులన్నీ మీకు రావు, నోటీస్ తక్కువ ఉండొచ్చు, ఖాళీ చేయించే పద్ధతి వేరుగా ఉండొచ్చు. దిగకముందే అది తెలుసుకుని దిగండి.

స్టెప్ 2: అగ్రిమెంట్ చదవండి, నిజంగా చదవండి

రెండు గంటలు పట్టినా పర్లేదు, కూర్చుని చదవండి. మొత్తం ఒకే బరువుతో చదవక్కర్లేదు, కొన్ని లైన్లే మిమ్మల్ని తర్వాత పట్టుకునేవి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఉమ్మడి బాధ్యత. నలుగురు ఒకే అగ్రిమెంట్ మీద సంతకం పెడితే, అందులో "ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే, ఒకడు మధ్యలో వెళ్లిపోయినా అతని వాటా అద్దె మిగతా ముగ్గురి దగ్గర వసూలు చేయొచ్చు, కావాలంటే మొత్తం ఒక్కరి దగ్గరే అడగొచ్చు. ఒకరు తలుపు పగలగొడితే నలుగురి డిపాజిట్ పోతుంది. వీలైతే గదికో అగ్రిమెంట్ అడగండి, ఇవ్వకపోతే ఎవరితో కలిసి సంతకం పెడుతున్నారో బాగా ఆలోచించుకోండి. దీనికి తోడు గ్యారంటార్‌గా, అంటే మీరు కట్టకపోతే తను కడతానని ఒప్పుకునే మనిషిగా, నాన్నగారితోనో మామయ్యతోనో సంతకం పెట్టించమంటారు, అప్పుడు ఆ గ్యారంటీ మీ వాటాకి మాత్రమేనా లేక ఇల్లు మొత్తానికా అన్నది అడిగి, "మా అబ్బాయి వాటా వరకే" అని రాయించండి. ముక్కూ మొహం తెలియని రూమ్మేట్ అద్దె మీ ఇంట్లోవాళ్లు కట్టాల్సి రావడం కన్నా బాధ ఇంకోటి ఉండదు, నా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారికి అది జరిగింది, ఆ సంవత్సరమంతా వాడు ఇంటికి ఫోన్ చేయాలంటేనే మొహమాటపడేవాడు.

తర్వాత గడువు. ఎన్ని నెలలు, మధ్యలో వెళ్లిపోతే ఏం కట్టాలి, నోటీస్ ఎన్ని రోజులు, చదువు ముందే అయిపోతేనో వీసా రాకపోతేనో బయటపడే దారి ఉందా. భారతదేశంలో 11 నెలల అగ్రిమెంట్లే ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఏడాది దాటిన లీజుని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి, ఆ పని తప్పించుకోవడానికే 11 నెలలు అని రాస్తారు. కాబట్టి 11 నెలలు అని రాసినంత మాత్రాన మీకు హక్కులేమీ లేవని ఎవరైనా అంటే నమ్మకండి.

డిపాజిట్ ఎంత ఉండొచ్చన్నది చోటుని బట్టి మారుతుంది. ఇంగ్లాండ్‌లో 2019 టెనెంట్ ఫీజ్ యాక్ట్ తర్వాత మామూలు ఇళ్లకి ఐదు వారాల అద్దె దాటకూడదు, జర్మనీలో ఇతర ఖర్చులు కలపని అద్దె మూడు నెలలది మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది, న్యూయార్క్‌లో ఒక నెల, కెనడాలోని ఒంటారియోలో అయితే డ్యామేజీల కోసమని డిపాజిట్ తీసుకోవడమే కుదరదు. భారతదేశంలో కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకి రెండు నెలలు అంటుంది కానీ రాష్ట్రాలు దాన్ని తీసుకుంటేనే అమలవుతుంది. ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి, ఇంగ్లాండ్‌లో ఓనర్ 30 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న స్కీమ్‌లో పెట్టి మీకు వివరాలివ్వాలి, పెట్టకపోతే కోర్టు ఆ డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్లు మీకు ఇప్పించొచ్చు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా లాంటి రాష్ట్రాల్లో ఆ డిపాజిట్ డబ్బు (అక్కడ బాండ్ అంటారు) ప్రభుత్వ సంస్థ దగ్గర ఉంటుంది.

రిపేర్లు ఎవరివి, కరెంటు నీళ్లు ఎలా లెక్కేస్తారు, ఓనర్ లోపలికి రావాలంటే ఎంత ముందు చెప్పాలి, చుట్టాలు వస్తే ఉండనిస్తారా, ఇవి ఒకసారి చూసుకోండి. ఖాళీగా వదిలేసిన గీతలుంటే సంతకం పెట్టకముందే కొట్టేయండి లేదా నింపించండి. "పెయింటింగ్ కోసం ఒక నెల అద్దె కట్" అని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది, మీరు ఎంత బాగా ఉంచినా పోయే డబ్బు అది, ఒప్పుకునేముందు బేరమాడండి. నోటితో ఇచ్చిన మాట ఏదున్నా, "ఫ్రిజ్ పెట్టిస్తా, గడియ మార్పిస్తా" లాంటివి, అవన్నీ అదేరోజు ఒక మెసేజ్‌లో రాసి "మీరు చెప్పినవి ఇవే కదా" అని పంపి ఓకే అనిపించుకోండి. సంతకాలయ్యాక మీ కాపీ మీ చేతిలో లేకుండా డబ్బు కట్టొద్దు.

స్టెప్ 3: దిగిన రోజే వీడియో, సామాన్లు లోపల పెట్టకముందే

ఖాళీ ఇల్లు ఒక్కసారే దొరుకుతుంది. మెయిన్ డోర్ బయట మొదలుపెట్టి, ఆపకుండా, నిదానంగా, గదిగది తిరుగుతూ తీయండి. గోడలు పైనుంచి కింద దాకా, సీలింగ్ నాలుగు మూలలు, కిటికీ గడియలు వేసి తీసి, ప్రతి కుళాయి తిప్పి, ఫ్లష్ నొక్కి, స్టవ్ వెలిగించి, ప్రతి స్విచ్ వేసి. సింకు కింద తలుపు తెరిచి లైటేసి చూపించండి, బీరువాని కాస్త ముందుకి జరిపి వెనక గోడ తీయండి, చెమ్మ దాక్కునేది అక్కడే. పరుపు ఇచ్చి ఉంటే అంచు కుట్ల దగ్గర చూడండి, మిరియాల పొడి చల్లినట్టు చిన్న నల్ల చుక్కలుంటే నల్లులు ఉన్నట్టే, అదే రోజు చెప్పకపోతే మీరే తెచ్చారంటారు. కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల రీడింగులు ఫోటో తీయండి.

ఈ ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి, ఎప్పుడు తీశారన్న వివరాలు ఫైల్లోంచి పోతాయి, కాబట్టి ఒరిజినల్స్ డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో దాచుకుని, ఓనర్‌కి మెయిల్ చేయండి లేదా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. కింద రెండు లైన్లు చాలు, "ఈ రోజు దిగాం, హాల్ కిటికీ గడియ పనిచేయట్లేదు, బాత్రూమ్ టైల్ ఒకటి పగిలి ఉంది, ఫోటోలు పెట్టాం". ఆ రోజు మూడ్ బాగుంటుంది, అంకుల్ ఆంటీ నవ్వుతూ తాళాలిస్తారు, ఈ టైంలో ఇలాంటి మెయిల్ పంపడం మర్యాద కాదేమో అనిపిస్తుంది. పంపండి. మంచి ఓనర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు, రేపు మీకు ముందున్నవాళ్ల డ్యామేజీ మీ నెత్తిన పడకుండా ఆయనకి కూడా గుర్తుంటుంది.

స్టెప్ 4: రిపేర్ అడిగే పద్ధతి

ముందు సమస్య ఎంత తొందరదో తేల్చుకోండి. గ్యాస్ వాసన వస్తుంటే మెసేజ్‌లు తర్వాత, స్విచ్‌లు ఏవీ వేయొద్దు తీయొద్దు, కిటికీలు తెరిచి, చేయి అందితే వాల్వ్ కట్టేసి, అందరూ బయటికొచ్చి అక్కడినుంచి ఫోన్ చేయండి. గ్యాస్ గీజరో హీటరో నడిచేటప్పుడు ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండి, బయటికెళ్తే తగ్గుతుంటే అది కార్బన్ మోనాక్సైడ్ కావొచ్చు, దానికి రంగూ వాసనా ఉండవు, మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తుంటే ఇంకా అనుమానించాలి. వెంటనే ఆపేసి బయటికి రండి, డాక్టర్‌కి చూపించుకోండి. ఆ గీజర్‌ని మెకానిక్ చూసేదాకా ఎవరేమన్నా వాడకండి. షాక్ కొట్టే స్విచ్, తాళం పడని మెయిన్ డోర్, పొంగే డ్రైనేజీ, అసలు నీళ్లు రాకపోవడం, ఇవి అదే రోజు పని. మిగతావి వారం ఆగగలవి.

మెసేజ్ ఎలా ఉండాలంటే ఇలా:

"నమస్తే అంకుల్, రెండో అంతస్తులో ఉంటున్న స్టూడెంట్స్‌మి. ఈ రోజు మార్చి 3. బాత్రూమ్ గీజర్ కింద పైపు దగ్గర నిన్న రాత్రి నుంచి నీళ్లు కారుతున్నాయి, గంటకి ఒక మగ్గు నిండుతోంది. గీజర్ ఆపేశాం, వాడట్లేదు. ఫోటో, వీడియో కింద పెట్టాం. గురువారం లోపు ప్లంబర్‌ని పంపగలరా, సాయంత్రం 4 తర్వాత మాలో ఒకరం ఇంట్లో ఉంటాం. ఎప్పుడొస్తారో ఇక్కడే చెప్పండి అంకుల్."

ఇందులో ఏముందో చూడండి, ఎప్పుడు మొదలైంది, ఎంత, మీరు ఏం జాగ్రత్త తీసుకున్నారు, ఎప్పటిలోగా కావాలి, మీరెప్పుడు ఉంటారు. కోపం ఎక్కడా లేదు. ఆయన ఫోన్ చేసి మాట్లాడితే మాట్లాడండి, పెట్టేయగానే "అంకుల్, ఇప్పుడు అన్నట్టు శనివారం ఉదయం మనిషిని పంపిస్తానన్నారు, మేం ఉంటాం" అని ఒక లైన్ వేయండి. నా మొదటి ఇంట్లో ఆ ఆరు ఫోన్ల తర్వాత ఆరు లైన్లు వేసి ఉంటే కథ వేరేగా ఉండేది. ఒప్పుకున్న రోజు దాటితే మళ్లీ రాయండి, పాత మెసేజ్ తేదీ గుర్తు చేస్తూ. మూడోసారి మెయిల్‌గానో ఉత్తరంగానో పంపండి, అందులో ముందు రెండు తేదీలూ ఉండాలి.

చెమ్మ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఓనర్లకీ స్టూడెంట్లకీ ఎక్కువ గొడవలు దీని మీదే, "మీ తడి బట్టల వల్లే" అన్న మాట దాదాపు అందరూ వింటారు. అన్ని చెమ్మలూ ఒకటి కావు. గది మూలల్లో, కిటికీ చుట్టూ, బీరువా వెనక నల్ల చుక్కల్లా వచ్చి, చలికాలంలో ఎక్కువయ్యేది గాల్లో తేమ గోడకి పట్టి వచ్చేది, దాంట్లో కొంత మన చేతిలో ఉంటుంది, వంట చేసేటప్పుడు స్నానం చేసేటప్పుడు గాలి ఆడనివ్వాలి, బట్టలు బయట ఆరేయాలి, అయితే ఇంటికి సరైన వెంటిలేషన్ లేకపోతే అది ఓనర్ పని. పసుపు గోధుమ రంగు అంచుతో మ్యాప్‌లా పాకుతూ, పై ఇంటివాళ్లు స్నానం చేశాకో వాన పడ్డాకో పెరిగేది లీకేజీ. నేల నుంచి పైకి మీటరు దాకా ఎక్కి, తెల్లటి ఉప్పు పొడిలా రాలేది పునాది నుంచి పీల్చుకునే చెమ్మ. ఈ రెండూ మీ బట్టల వల్ల రావు. చిన్న తేమ మీటర్ ఒకటి దొరుకుతుంది, గదిలో పెట్టి రోజూ ఫోటో తీయండి, ఇంటి లోపల తేమ 60 శాతం లోపు ఉంచమని అమెరికా పర్యావరణ సంస్థ చెప్తుంది. మీ మీటర్ 50 చూపిస్తున్నా గోడ తడుస్తుంటే నీళ్లు ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు.

రెండో ఇంట్లో నేను చేసింది ఇది. బాత్రూమ్ అవతలి గోడకి మరక రాగానే పెన్సిల్‌తో దాని అంచు చుట్టూ సన్నటి గీత గీసి పక్కన తేదీ వేశాను, స్కేల్ పెట్టి ఫోటో తీశాను. ప్రతి ఆదివారం మళ్లీ. నాలుగు వారాలకి గోడ మీద చెట్టు మొద్దులో కనబడే వలయాల్లా నాలుగు గీతలు, నాలుగు తేదీలు, మొదటి గీత నుంచి నాలుగోదానికి జానెడు దూరం. ఆ ఫోటో పంపితే ఓనర్ ఆంటీ ఆ సాయంత్రమే స్వయంగా వచ్చారు, గోడ మీద వేలు పెట్టి ఒక్కో తేదీ చదివి, "ఇది లోపల పైపేరా" అన్నారు. మర్నాడు గోడ కొట్టించారు, లోపల జాయింట్ లీక్. డిపాజిట్‌లో ఒక్క రూపాయి పోలేదు.

ఎంత కోపమొచ్చినా అద్దె ఆపకండి. చాలా చోట్ల రిపేర్ చేయకపోవడం ఓనర్ తప్పే అయినా, అద్దె ఆపడం మీ తప్పు అవుతుంది, అప్పటిదాకా మీ వైపున్న న్యాయం అక్కడితో తిరగబడుతుంది. కొన్ని చోట్ల మీరే చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చు, కాలిఫోర్నియాలో ముందు ఓనర్‌కి చెప్పి తగినంత టైం ఇచ్చాక ఒక నెల అద్దె మించకుండా, 12 నెలల్లో రెండుసార్లకి మించకుండా అలా చేయనిస్తారు. మీ దగ్గర అది ఉందో లేదో పక్కాగా తెలియకుండా, ఓనర్ ఒప్పుకున్నట్టు రాత లేకుండా చేయొద్దు.

స్టెప్ 5: చెప్పకుండా లోపలికి వచ్చే ఓనర్

క్లాస్ నుంచి వచ్చేసరికి గదిలో వస్తువులు కదిలి ఉండటం, తలుపు కొట్టి మీరు పలికేలోపే తాళం తిప్పుకుని రావడం, అమ్మాయిలున్న ఇంట్లో అయితే ఇది భయం కూడా. అద్దెకిచ్చాక ఆ ఇల్లు ఉన్నంతకాలం మీ ఇల్లు. కాలిఫోర్నియాలో, ఇంగ్లాండ్‌లో, భారత నమూనా చట్టంలో కూడా తనిఖీకో రిపేర్‌కో రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. నిప్పు, నీళ్లు లాంటి అత్యవసరం వేరే.

మొదటిసారి మర్యాదగా రాయండి, "ఆంటీ, ఈ మధ్యాహ్నం మేం లేనప్పుడు మీరు లోపలికి వచ్చినట్టున్నారు, ఇకనుంచి ఒక రోజు ముందు మెసేజ్ పెడితే మేం ఇంట్లో ఉంటాం". ఎక్కువమంది దీంతోనే సర్దుకుంటారు, పాత అలవాటు కొద్దీ వచ్చేవాళ్లే ఎక్కువ. సర్దుకోకపోతే ప్రతిసారీ తేదీ, టైం రాసుకోండి. ఉన్నప్పుడు లోపల గడియ వేసుకోండి, అడగకుండా తాళం మార్చడం మీ అగ్రిమెంట్‌కి వ్యతిరేకం కావొచ్చు కాబట్టి అది ముందు చూసుకోండి. తాకడం, అసహ్యంగా మాట్లాడటం, బాత్రూమ్ దగ్గర తచ్చాడటం, కెమెరా అనుమానం, వీటికి మర్యాద మెసేజ్ దశ లేదు, నేరుగా పోలీసులు, ఆ రాత్రి ఒంటరిగా అక్కడ పడుకోవద్దు.

స్టెప్ 6: అద్దె పెంపు, అదనపు చార్జీలు

అగ్రిమెంట్ గడువు మధ్యలో పెంచుతాం అంటే, అందులో అలా రాసి ఉందా చూడండి, లేకపోతే మీరు ఒప్పుకోకుండా పెంచడం సాధారణంగా కుదరదు. అద్దె బ్యాంకు ద్వారానే కట్టండి, క్యాష్ అడిగితే రసీదు తీసుకోండి, రసీదు ఇవ్వకపోతే కట్టిన వెంటనే "ఈ నెల అద్దె ఇప్పుడు చేతికిచ్చాం అంకుల్" అని మెసేజ్ వేసి జవాబు తెప్పించుకోండి. మీ వాడకం విడిగా చూపే సబ్‌మీటర్ ఉంటే ప్రతి నెల ఒకే తేదీన రీడింగ్ ఫోటో, అసలు బిల్లు యూనిట్ రేటు ఎంతో అడిగి చూడటం.

స్టెప్ 7: రూమ్మేట్ వెళ్లిపోతే

ఇది ఓనర్ సమస్యలా కనబడదు కానీ చివరికి అక్కడికే వెళ్తుంది. వెళ్లేవాడు కొత్తవాణ్ని తెచ్చి డబ్బు వాళ్లిద్దరూ సర్దుకుని పోతే, అగ్రిమెంట్‌లో పాతవాడి పేరే ఉంటుంది, డిపాజిట్ ఎవరిదో ఎవరికీ తెలీదు. ఓనర్‌తో రాయించండి, ఫలానా తేదీ నుంచి ఫలానా మనిషి బదులు ఫలానా మనిషి, డిపాజిట్ వాటా ఎవరి పేరుకి మారింది అని, అందరి సంతకాలతో. ఆ రోజు ఇంటి పరిస్థితి ఫోటోలు మళ్లీ ఒకసారి.

స్టెప్ 8: "రేపటికల్లా ఖాళీ చేయండి" అంటే

అద్దెదారుని తాళం వేసి బయట నిలబెట్టడం, సామాన్లు బయట పడేయడం, కరెంటు నీళ్లు కట్ చేయడం, వీటిని చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. ఇంగ్లాండ్‌లో 1977 చట్టం ప్రకారం ఇది నేరం, కాలిఫోర్నియాలో తాళాలు మార్చడం, కరెంటు ఆపడం రెండూ నిషేధం, భారతదేశంలో 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద, చట్టబద్ధమైన పద్ధతి లేకుండా బయటికి గెంటితే ఆరు నెలల్లోపు కోర్టుకి వెళ్లి తిరిగి లోపలికి వెళ్లే హక్కు అడగొచ్చు. ఓనర్‌కి కారణం ఉన్నా సరే నోటీస్, ఆ తర్వాత కోర్టో ట్రిబ్యునలో, అదీ దారి.

కాబట్టి అరుపులకి భయపడి ఆ రాత్రే సామాన్లు సర్దుకోకండి. "నోటీస్ రాసివ్వండి, చదివి జవాబిస్తాం" అనండి. సంతకం పెట్టమని ఏ కాగితం ఇచ్చినా అప్పటికప్పుడు పెట్టొద్దు, "మా ఇష్టంతో ఖాళీ చేస్తున్నాం" అన్న ఒక్క లైన్ మీ హక్కులన్నీ తీసేయగలదు. నిజంగా తాళం వేసేస్తే, తాళం ఫోటో, ఓనర్‌కి మెసేజ్, పోలీసులకి ఫోన్. "ఇది సివిల్ గొడవ, మేం చేయలేం" అని వాళ్లు అనొచ్చు, అప్పుడు కూడా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి దాని రసీదు అడగండి. తలుపు పగలగొట్టి వెళ్లకండి. పాస్‌పోర్ట్, సర్టిఫికెట్లు, మందులు లోపల ఉండిపోతే ఆ సంగతి ఫిర్యాదులో ప్రత్యేకంగా రాయండి. గొడవ ముదురుతోందని అనిపించినప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు తెలిసినవాళ్ల దగ్గర పెట్టేయడం మంచిది, ఎగ్జామ్ ముందు రోజు హాల్ టికెట్ లోపల, మనం బయట అన్న పరిస్థితి ఎవరికీ రాకూడదు.

స్టెప్ 9: ఎవరి దగ్గరికి వెళ్లాలి

ముందు మీ కాలేజీ. హౌసింగ్ ఆఫీస్, స్టూడెంట్ యూనియన్, లా డిపార్ట్‌మెంట్ నడిపే ఉచిత సలహా కేంద్రం, అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ అని ఉంటుంది, వాళ్లు అగ్రిమెంట్ చదివి పెడతారు, సంతకానికి ముందు కూడా. ఒక ఓనర్ మీద చాలామంది స్టూడెంట్స్ ఫిర్యాదులు ఉంటే ఆ సంగతి వాళ్లకే ముందు తెలుస్తుంది. తర్వాత ఉచిత సలహా సంస్థలు, ఇంగ్లాండ్‌లో షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ ఉన్నాయి. భారతదేశంలో 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం కింద మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. ఇల్లు ప్రమాదకరంగా ఉంటే స్థానిక మున్సిపాలిటీ లేదా కౌన్సిల్. అద్దె గొడవలకే ప్రత్యేకంగా ఉండే బోర్డులు కొన్ని చోట్ల ఉన్నాయి, ఒంటారియోలో ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డ్, ఐర్లాండ్‌లో రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డ్. చివరికి చిన్న మొత్తాల డబ్బు తగాదాలు చూసే కోర్టు (స్మాల్ క్లెయిమ్స్ కోర్ట్).

ఎక్కడికెళ్లినా ఒక్క పేజీ పట్టుకెళ్లండి, ఎడమవైపు తేదీ, కుడివైపు ఏం జరిగింది, పక్కన ఏ ఫోటో ఏ మెసేజ్. మీ బాధంతా అర్ధగంట చెప్పేకన్నా ఆ పేజీ అవతలివాళ్లకి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా "మీరు ఎప్పుడు చెప్పారు" అనే.

స్టెప్ 10: ఖాళీ చేయడం, డిపాజిట్ తెచ్చుకోవడం

నోటీస్ అగ్రిమెంట్‌లో ఉన్నన్ని రోజుల ముందు, రాతలో. వెళ్లే రెండు వారాల ముందు ఓనర్‌ని పిలిచి ఇల్లు చూడమనండి, ఏం సరిచేయాలో అప్పుడే చెప్తే మీరే తక్కువలో చేయించుకోవచ్చు, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో అలా ముందస్తు తనిఖీ అడిగే హక్కే ఉంది. స్టవ్, సింకు, బాత్రూమ్, ఫ్యాన్ రెక్కలు, ఫ్రిజ్ లోపల బాగా కడగండి. సామాన్లన్నీ తీశాక దిగిన రోజు తీసిన దారిలోనే, అదే మెయిన్ డోర్ దగ్గర మొదలుపెట్టి వీడియో. మీటర్ రీడింగులు. తాళం చెవులు ఇచ్చేటప్పుడు ఎన్ని ఇచ్చారో మెసేజ్‌లో రాసి "అందాయి" అనిపించుకోండి, లేకపోతే ఇల్లు ఇంకా మీ దగ్గరే ఉందని అద్దె లెక్కేసినవాళ్లున్నారు. కొత్త అడ్రస్, బ్యాంకు అకౌంట్ రాసివ్వండి, టెక్సాస్‌లో అయితే కొత్త అడ్రస్ రాతలో ఇచ్చేదాకా డిపాజిట్ తిరిగివ్వాల్సిన బాధ్యతే ఓనర్ మీద పడదు, తిరిగివ్వడానికి గడువు ఇల్లు ఖాళీ చేసిన రోజు నుంచి 30 రోజులు. కాలిఫోర్నియాలో 21 రోజులు, న్యూయార్క్‌లో 14.

కటింగ్‌లు చెప్తే జాబితా అడగండి, దేనికి ఎంత, బిల్లులతో. వాడకంతో వచ్చే అరుగుదల వేరు, మీరు చేసిన డ్యామేజీ వేరు. పెయింట్ వెలిసిపోవడం, కుర్చీ కాళ్ల కింద నేల మీద పడ్డ సన్నటి గీతలు, పాత కర్టెన్ రంగు తగ్గడం అరుగుదల. కాలిన మచ్చ, పగిలిన అద్దం, గోడలో గుప్పెడంత కన్నం డ్యామేజీ. డ్యామేజీ అయినా కొత్త వస్తువు ధర మొత్తం మీ దగ్గర తీసుకోవడం న్యాయం కాదు, పదేళ్లు రావాల్సిన కార్పెట్ మీరు పాడు చేసేనాటికే ఆరేళ్లు వాడి ఉంటే, మిగిలింది నాలుగేళ్ల విలువే, అంటే 40 శాతమే అడగాలి. ఈ లెక్క కాగితం మీద వేసి పంపండి, నేను రెండుసార్లు వాడాను, రెండుసార్లూ ఓనర్లు మొదట చెప్పిన మొత్తం తగ్గించారు.

ఇవ్వాల్సిన గడువు దాటితే ఒక డిమాండ్ లెటర్, ఎంత రావాలి, ఎందుకు, ఏ తేదీలోగా, ఇవ్వకపోతే ఎక్కడ ఫిర్యాదు చేస్తారో. డిపాజిట్ దాచే స్కీమ్ ఉన్న చోట ఆ స్కీమ్‌లో వివాదం పెట్టండి, లేని చోట చిన్న మొత్తాల కోర్టు. ఊరు మారిపోయాం కదా అని వదిలేసేవాళ్లే ఎక్కువ, మనం వెళ్లిపోతామని తెలిసే ఆపేవాళ్లూ ఉన్నారు, కానీ గడువు మీరనుకున్నంత చిన్నది కాదు, ఇలాంటి డబ్బు కోసం కేసు వేయడానికి భారతదేశంలో మామూలుగా మూడేళ్లు, ఇంగ్లాండ్‌లో ఆరేళ్లు ఉంటాయి. అందుకే డబ్బు చేతికొచ్చాక కూడా ఆ ఫోల్డర్ డిలీట్ చేయకండి, అటువైపు నుంచి ఆలస్యంగా ఏదైనా బిల్లు వచ్చినా ఆ వీడియోలే కావాలి. నా పెన్సిల్ గీతల గోడ ఫోటో ఇప్పటికీ నా డ్రైవ్‌లో ఉంది, కొత్తగా ఇల్లు తీసుకునే జూనియర్లు ఎవరు అడిగినా ముందు దాన్నే పంపుతాను.